మానేశాకే మాత్రలా?

“ముందు తాగుడు మానేసి రా. ఆ తర్వాత చూద్దాం.”

టీబీ సోకిన తాగుడు మనిషికి పోర్ట్ బ్లెయిర్‌లో ఈ మాట చెప్పేవాళ్ళకు చెడ్డ ఉద్దేశం ఉండదు. భార్య ఏడుస్తూ చెబుతుంది, అన్న కసురుకుంటూ చెబుతాడు, ఓపిక నశించిన వైద్యుడు చెబుతాడు, సంఘం పెద్ద హితవు కోరి చెబుతాడు. క్షయ, హెపటైటిస్, హెచ్‌ఐవీ లాంటి అంటురోగాలకు వైద్యం ఒక పని, వ్యసనం మాన్పించడం ఇంకో పని, రెండోది పూర్తయితే గానీ మొదటిది ఫలించదు: ఆ మాట వెనక ఉన్న నమ్మకం ఇదీ. చూడటానికి న్యాయంగానే ఉంటుంది, అందుకే దాన్ని ఎవరూ నిలదీయరు. కానీ అది వైద్యశాస్త్రం ముందు నిలవదు, చట్టం ముందూ నిలవదు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ మాట విని వెనక్కి వెళ్ళిన మనిషి చాలాసార్లు తిరిగి రాడు. వచ్చినా ఊపిరితిత్తులు సగం పోయాక వస్తాడు.

2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన ఈ ఊరిని తెలుగువాళ్ళు ఇప్పటికీ పోర్ట్ బ్లెయిర్ అనే పిలుస్తారు. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ జనాభాలో సుమారు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చి జంగ్లీఘాట్‌లో వలలు ఆరబెట్టుకున్నవాళ్ళు, రేవుల్లో బరువులు మోసినవాళ్ళు, తట్ట పట్టి కట్టడాలు లేపినవాళ్ళు వీళ్ళలో ఎక్కువ. ఒళ్ళు హూనమయ్యే పనులు, ఇరుకు గదులు, సాయంత్రానికి సీసా. క్షయ క్రిమికి కావలసినవన్నీ అక్కడే ఉన్నాయి. 2019–21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద పదిహేనేళ్ళు దాటిన మగవాళ్ళలో 19 శాతం మంది మద్యం తాగుతుంటే, ఈ ద్వీపాల్లో 39 శాతం మంది తాగుతున్నారు. అంటే ఐదుగురిలో ఇద్దరు. ‘మానేశాకే వైద్యం’ అన్న సూత్రాన్ని నిజంగా అమలు చేస్తే ఎంతమంది రోగులను గుమ్మం దగ్గరే ఆపాలో ఈ ఒక్క అంకె చెబుతుంది.

తాగుడుకూ క్షయకూ సంబంధం నీతికి చెందిన విషయం కాదు, శరీరానికి చెందినది. రోజుకు 40 గ్రాములకు మించి ఆల్కహాల్ తీసుకునేవాళ్ళకూ, తాగుడు వ్యసనంగా మారినవాళ్ళకూ క్షయ ముప్పు దాదాపు మూడు రెట్లు ఎక్కువని 2008లో వెలువడిన ఒక సమీక్ష అనేక అధ్యయనాలను కలిపి తేల్చింది. 40 గ్రాములంటే మన కొలతలో రెండు పెద్ద పెగ్గులు, అంతే. రోగనిరోధక శక్తి దెబ్బతినడం, తిండి తగ్గడం, గాలి ఆడని చోట పదిమందితో కూర్చుని తాగడం, దగ్గును పట్టించుకోకపోవడం, ఇవన్నీ కలిసి ఆ మూడు రెట్లు అవుతాయి. పోషకాహార లోపం, హెచ్‌ఐవీ, మధుమేహం, పొగ తాగడంతో పాటు తాగుడును కూడా క్షయను పెంచి పోషించే ప్రధాన కారణాల్లో ఒకటిగా ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా తన నివేదికలో లెక్కగడుతుంది. రోగానికి కారణాల్లో ఒకటైన దాన్ని రోగి సొంతంగా వదిలించుకుని వస్తేనే రోగాన్ని ముట్టుకుంటామనడం ఎలాంటి తర్కం? ‘నీ షుగర్ తగ్గించుకుని రా, అప్పుడు టీబీ మాత్రలు ఇస్తాం’ అని మధుమేహ రోగితో ఏ వైద్యుడూ అనడు. రెండూ ఒకే చీటీ మీద రాస్తాడు.

‘మానేశాకే వైద్యం’ అనేవాళ్ళకు ఒక బలమైన ఆధారం ఉంది, దాన్ని దాటవేయకూడదు. టీబీ మొదటి వరస మందుల్లో ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ మూడూ లివర్ మీద భారం వేసేవే. రోజూ తాగేవాడికి ఆ భారం ఇంకా పెరుగుతుంది. మందుల వల్ల కామెర్లు వచ్చే ప్రమాదం నిజమైనదే. ఐసోనియాజిడ్ వల్ల అరికాళ్ళు మంటలెత్తడం, తిమ్మిర్లు పట్టడం కూడా తాగేవాళ్ళలో ఎక్కువ. ఇవన్నీ ఒప్పుకోవలసిందే. అయితే వీటి నుంచి వచ్చే ముగింపు ఏమిటి? మొదట్లోనూ మధ్యమధ్యలోనూ లివర్ పరీక్ష చేయాలి, పిరిడాక్సిన్ తప్పకుండా ఇవ్వాలి, వాంతులో కళ్ళు పచ్చబడటమో కనిపిస్తే ఆ రోజే రమ్మని మనిషికి అర్థమయ్యే భాషలో చెప్పాలి, దాంతో పాటే తాగుడు తగ్గించే వైద్యం మొదలుపెట్టాలి. వైద్యాన్ని వాయిదా వేయాలన్న ముగింపు మాత్రం రాదు. లివర్‌కు వచ్చే ప్రమాదాన్ని రక్తపరీక్షతో కనిపెట్టవచ్చు. మాత్రలు మొదలుకాని క్షయ ఇంట్లో పిల్లలకు అంటుకుంటే ఆ నష్టాన్ని ఏ పరీక్షా వెనక్కి తిప్పదు. వైద్యం అందని రోగి ఏడాదిలో పది పదిహేను మందికి సోకించగలడన్నది క్షయ నిపుణులు చాలాకాలంగా చెబుతున్న అంచనా. సరైన మందులు పడితే రెండు మూడు వారాల్లోనే ఆ ప్రమాదం బాగా పడిపోతుంది. వాయిదా వేసిన ప్రతి వారం ఆ ఇంటి మీద పడుతుంది.

ఆసుపత్రి వార్డులో ఏం జరుగుతుందో చూస్తే ఈ విభజన ఎంత ప్రమాదకరమో ఇంకా బాగా తెలుస్తుంది. ఏళ్ళ తరబడి రోజూ తాగే మనిషిని రక్తం కక్కుతున్నాడని పట్టుకొచ్చి మంచం మీద పడుకోబెడతారు. ఆ పూట నుంచి చుక్క లేదు. మర్నాటికి చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర పట్టదు. రెండు రోజుల లోపు ఫిట్స్ రావచ్చు. ఇంకొందరికి రెండు మూడు రోజులకు మతి తప్పి, లేనివి కనిపించి, సెలైన్ పీక్కుని లేచిపోతారు. ఇదంతా మద్యం హఠాత్తుగా ఆగినప్పుడు మెదడు చేసే గోల. దీనికి వైద్యం ఉంది: డయాజెపాం జాతి మందు లెక్క ప్రకారం ఇచ్చి మెల్లగా తగ్గించాలి, థయమిన్ ఇంజెక్షన్ ఇవ్వాలి, ఆ థయమిన్ పడకుండా గ్లూకోజ్ ఎక్కించకూడదు. జిల్లా ఆసుపత్రి స్థాయిలో చేయగలిగిన పనే ఇది. ఛాతీ వైద్యుడికి తాగుడు తన విషయం కాదనిపించి ఎవరూ అడగకపోతే, మూడో రోజు మంచం ఖాళీగా కనిపిస్తుంది. కేసు షీటు మీద ‘చెప్పకుండా వెళ్ళిపోయాడు’ అని రాస్తారు. ఆ తర్వాత అతన్ని ‘మాట వినని రోగి’ అంటారు. నిజానికి అతను పారిపోయింది టీబీ వైద్యం నుంచి కాదు, ఎవరూ గుర్తించని, ఎవరూ తగ్గించని ఒక యాతన నుంచి. సారా కొట్టు ఆ యాతనను అరగంటలో తగ్గిస్తుంది, ఆసుపత్రి తగ్గించలేదు. అలాంటప్పుడు మనిషి ఎటు నడుస్తాడో ఊహించడం కష్టం కాదు.

రెండు వైద్యాలూ వేర్వేరు గదుల్లో, ఒకరికొకరు తెలియకుండా నడిస్తే జరిగేది ఇంకా ఘోరం. మన దేశంలో తాగుడు మాన్పించడానికి డైసల్ఫిరాం మాత్ర వాడకం ఎక్కువ. దాన్ని వేసుకుంటున్న మనిషికి క్షయ అని ఐసోనియాజిడ్ కూడా ఇస్తే, కొందరికి నడక తూలుతుంది, మనసు స్థిమితం తప్పుతుంది. రెండు చీటీలూ ఒకే మనిషి కంటబడకపోతే అది ‘మళ్ళీ తాగొచ్చాడు’ అన్న నిందగా మారుతుంది. నల్లమందు జాతి మత్తుకు బానిసైనవాళ్ళకు నాలుక కింద పెట్టుకునే బ్యూప్రెనార్ఫిన్ మాత్ర ఇస్తారు. క్షయకు వాడే రిఫాంపిసిన్ ఆ మాత్రను శరీరంలో త్వరగా కరిగించేసి దాని బలాన్ని తగ్గిస్తుంది. మెథడోన్‌కూ అదే దెబ్బ తగులుతుంది. మోతాదు సరిచూసేవాళ్ళు లేకపోతే టీబీ మాత్రలు మొదలైన కొన్నాళ్ళకు ఒళ్ళంతా పీకుడు, ముక్కు కారడం, నిద్రలేమి. ‘ఈ టీబీ బిళ్ళలు నాకు పడటం లేదు’ అని రోగి అవి మానేస్తాడు. పాపం, అతను చెప్పింది నిజమే. రెండు మందులూ తెలిసిన ఒక్క మనిషి పక్కన లేకపోవడమే అక్కడి లోపం. ఇక్కడ ‘కలపడం’ అనేది పరిపాలనకు సంబంధించిన ఫ్యాషన్ మాట కాదు, మందుల మోతాదు నిర్ణయించే విషయం.

అండమాన్‌కు ప్రత్యేకమైన కారణం ఇంకొకటి ఉంది. ఈ ద్వీపాల్లో కొన్నేళ్ళ పాటు ‘అండమాన్ రక్తస్రావ జ్వరం’ అని భయపడిన జబ్బు లెప్టోస్పైరోసిస్ అని 1990లలో తేలింది. పోర్ట్ బ్లెయిర్ డాలీగంజ్‌లోని ఐసీఎంఆర్ ప్రాంతీయ వైద్య పరిశోధన కేంద్రం ఆ జబ్బు మీద దేశానికే దారి చూపింది. ఎలుకల మూత్రం కలిసిన నీటిలో, బురదలో పనిచేసేవాళ్ళకు వచ్చే ఈ జ్వరం ముదిరితే కళ్ళు పచ్చబడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. అదే కేంద్రం ద్వీపాల ఆదివాసుల్లో హెపటైటిస్ బి చాలా ఎక్కువగా ఉందని కూడా అధ్యయనాల్లో చూపించింది. ఇప్పుడు ఒక వానాకాలం, బురదలో పనిచేసే, రోజూ తాగే కూలీ పచ్చటి కళ్ళతో ఆసుపత్రికి వచ్చాడనుకుందాం. అది తాగుడు వల్ల చెడిన లివరా? హెపటైటిసా? సకాలంలో ఇస్తే పెన్సిలిన్‌కో డాక్సీసైక్లిన్‌కో లొంగే లెప్టోనా? నోట్లో వాసన చూసి ‘తాగుడు కామెర్లు, మానెయ్’ అని పంపించేస్తే మిగతా రెండూ ఎవరి లెక్కలోకీ రావు. వ్యసనం ఉందన్న ఒక్క కారణంతో మిగతా పరీక్షలు ఆగిపోవడం వైద్యంలో చాలా పాత తప్పు. లెప్టో ఉన్న నేల మీద ఆ తప్పు ఖరీదు ప్రాణం.

ఈ ద్వీపాల చరిత్ర తెలిసినవాళ్ళైతే వ్యసనాన్నీ అంటురోగాన్నీ విడదీసి మాట్లాడటానికి అసలు సాహసించకూడదు. 1858లో బ్రిటిష్ వాళ్ళు పోర్ట్ బ్లెయిర్‌లో ఖైదీల వలస నెలకొల్పారు. 1863లో రెవరెండ్ హెన్రీ కార్బిన్ రాస్ దీవి మీద ‘అండమాన్ హోమ్’ తెరిచాడు. అడవిలో ఉన్న గ్రేట్ అండమానీలను ‘మచ్చిక’ చేసుకోవడానికి అక్కడ వాడిన ఎరల్లో పొగాకు ముఖ్యమైనది. వలస ఊరి సహవాసంతో సారా అంటింది. అదే సహవాసంతో రోగాలూ వచ్చాయి. 1876లో వాళ్ళలో సవాయి రోగం బయటపడింది, 1877లో తట్టు విరుచుకుపడింది. వేలల్లో ఉన్నారని అంచనా వేసిన ఆ జనం 1901 జనగణనకు 625 మంది, 1961 నాటికి 19 మంది. వ్యసనం ఒక దారిన, రోగం ఇంకో దారిన రాలేదు. ఒకే గుమ్మం గుండా, ఒకే చేతులతో వచ్చాయి. అక్కడి బ్రిటిష్ అధికారుల్లో ఒకడైన మారిస్ విడాల్ పోర్ట్‌మన్ 1899లో తెచ్చిన పెద్ద గ్రంథంలోనే ఈ విధ్వంసం నమోదై ఉంది. అప్పటి మాటే ఎందుకు, 2008 డిసెంబరులో లిటిల్ అండమాన్‌లోని డుగాంగ్ క్రీక్ దగ్గర ఒడ్డుకు కొట్టుకొచ్చిన డబ్బాలోని ద్రవాన్ని మద్యం అనుకుని తాగి ఎనిమిది మంది ఓంగీలు చనిపోయారు. మొత్తం జనాభా వంద దాటని జాతికి ఎనిమిది ప్రాణాలు. ‘ముందు మానండి’ అన్న హితబోధ అలాంటి జాతికి ఏం రక్ష ఇవ్వగలదు?

ఇక రెండో అభ్యంతరం. ‘తాగేవాడికీ మత్తు సూదులు పొడుచుకునేవాడికీ ఖరీదైన మందులిస్తే దండగ, మధ్యలో మానేస్తాడు, క్రిమి మొండికేస్తుంది’ అంటారు. ఇది వినడానికి ప్రజారోగ్యం మీద శ్రద్ధలా ఉంటుంది. అనుభవం మాత్రం దీన్ని నిలబెట్టడం లేదు. గత ఆరు నెలల్లో మత్తు సూదులు వాడిన 103 మందికి ఏడు దేశాల్లో హెపటైటిస్ సి మాత్రలు పన్నెండు వారాలు ఇచ్చి చూసిన ‘సింప్లిఫై’ అధ్యయనం 2018లో వెలువడింది. వాళ్ళలో 94 శాతం మందికి రోగం నయమైంది. మత్తు వాడుతున్నవాళ్ళు మాత్రలు వేసుకోరన్న నమ్మకం అక్కడ కూలిపోయింది. మన దేశంలో 2018 జులైలో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఈ జాతి మందులు ఉచితం. ఖరీదు అన్న మాటకు కూడా ఇప్పుడు చోటు లేదు.

తాగుడు విషయంలో సాక్ష్యం ఇంకా దగ్గరే ఉంది. గోవాలోని పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో 377 మంది మగవాళ్ళ మీద సంగత్ సంస్థ నడిపిన అధ్యయనం ‘లాన్సెట్’లో వచ్చింది. మానసిక వైద్యంలో ఏ డిగ్రీ లేని స్థానిక యువతీ యువకులకు తర్ఫీదు ఇచ్చి, మనిషికి నాలుగు సార్లకు మించకుండా కూర్చుని మాట్లాడించారు. మూడు నెలలకు ప్రమాదకరమైన తాగుడు నుంచి బయటపడ్డవాళ్ళు మామూలు వైద్యం అందినవాళ్ళలో 26 శాతం, ఈ మాటల వైద్యం కూడా అందినవాళ్ళలో 36 శాతం. అద్భుతం జరిగిందని ఎవరూ అనరు. కానీ ప్రతి వంద మందిలో అదనంగా పది మంది, అదీ మామూలు పీహెచ్‌సీలో, పెద్ద డాక్టరు లేకుండా.

ఎదుటి పక్షం తమకు అనుకూలమైన అధ్యయనాలను కూడా చూపించగలదు, అవి దాచవలసినవి కావు. రష్యాలోని తోమ్స్క్‌లో క్షయ వైద్యులే తాగుడుకు నాల్‌ట్రెక్సోన్ మాత్రలూ చిన్న కౌన్సెలింగూ ఇచ్చి చూసినప్పుడు, మొత్తం రోగుల మీద లెక్కేస్తే పెద్ద తేడా కనిపించలేదు. అయితే అంతకు ముందు తాగుడు మానాలని సొంతంగా ప్రయత్నించి విఫలమైనవాళ్ళలో మాత్రం నాల్‌ట్రెక్సోన్ అందినవారి క్షయ వైద్యం గణనీయంగా మెరుగ్గా ముగిసింది. మన దేశంలోనే 22 నగరాల్లో హెచ్‌ఐవీ పరీక్ష, వ్యసన వైద్యం, ఇతర సేవలు ఒకే చోట పెట్టిన కేంద్రాల మీద 2019లో వచ్చిన అధ్యయనం, నగరం మొత్తం మీద పరీక్షలు పెరిగాయని ఖాయంగా తేల్చలేకపోయింది. ఆ కేంద్రాలకు వచ్చినవాళ్ళు పరీక్షలు చేయించుకున్నారు, చాలామంది అసలు రాలేదు. కలపడం పనికిరాదని ఇది చెబుతోందా? బోర్డు మార్చి గది తెరిస్తే చాలదని చెబుతోంది. లక్షల జనం ఉన్న నగరంలో కొత్త కేంద్రానికి మనుషులను రప్పించడం కష్టం. పోర్ట్ బ్లెయిర్ పరిస్థితి వేరు. ద్వీపాలన్నిటికీ పెద్ద ఆసుపత్రి ఒక్కటే, జీబీ పంత్ ఆసుపత్రి. డిగ్లిపూర్ నుంచైనా, 500 కిలోమీటర్లు దాటిన కాంప్‌బెల్ బే నుంచైనా జబ్బు ముదిరితే అక్కడికే రావాలి. మనిషి ఎలాగూ వస్తున్న ఆ ఒక్క గుమ్మం దగ్గరే రెండు వైద్యాలూ ఉండాలన్న వాదనకు ఇంతకన్నా అనువైన ఊరు ఉండదు.

‘చిన్న ఊరు, అందరికీ తెలిసిపోతుంది’ అన్న భయం సామాన్యమైనది కాదు. జంగ్లీఘాట్‌లో ఒకడు డీఅడిక్షన్ సెంటర్ మెట్లెక్కితే సాయంత్రానికి వీధంతా తెలుస్తుంది, ఆడపిల్ల పెళ్ళి సంబంధం దాకా పోతుంది. ఈ భయాన్ని గౌరవించాలి. గౌరవిస్తే తేలేది ఒక్కటే: వ్యసన వైద్యానికి వేరే మెట్లు ఉండకూడదు. ఛాతీ వైద్యుడి గదికి దగ్గు కోసం వెళ్ళిన మనిషి అక్కడే, ఆ తలుపు వెనకే, తాగుడు గురించి కూడా మాట్లాడగలిగితే బయటివాళ్ళకు కనిపించేది దగ్గు మాత్రమే. రహస్యం కావాలనుకునేవాళ్ళే విడిగా ఉంచమని అడగడంలోని పొరపాటు ఇది.

తెలుగువాళ్ళలో ఈ చర్చ తప్పకుండా నీతి వైపు మళ్ళుతుంది. దానికి కారణం ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో వర్ధినేని రోశమ్మ లాంటి ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి, రెండేళ్ళకే ఆ నిషేధం సడలింది. తాగుడు వల్ల తిండికి, బట్టకు, ఒంటికి నష్టపోయిన ఆడవాళ్ళ కోపం అది, దాని ముందు ఎవరైనా తల వంచవలసిందే. కానీ దూబగుంట ఆడవాళ్ళు నిలదీసింది సారా కాంట్రాక్టరును, వేలం పాటను, ప్రభుత్వాన్ని. మంచం పట్టిన మొగుడికి మాత్రలు ఇవ్వొద్దని ఎక్కడా అనలేదు. ఆ ఉద్యమం పేరు చెప్పి రోగిని శిక్షించడం ఆ ఆడవాళ్ళకే అన్యాయం. ఇంట్లో క్షయ ఉన్న మనిషికి వైద్యం ఆగితే మొదట దగ్గేది ఆ భార్యే, తర్వాత పిల్లలు.

మత్తు పదార్థాల మాట వచ్చేసరికి నీతి పక్కకు జరిగి పోలీసు ముందుకొస్తాడు. 2024 నవంబరులో బ్యారెన్ దీవి దగ్గర కోస్ట్‌గార్డ్ ఒక మయన్మార్ పడవను పట్టుకుని దాదాపు 6 వేల కిలోల మెథాంఫెటమైన్ స్వాధీనం చేసుకుంది, ఆరుగురిని అరెస్టు చేసింది. అంతకు ముందు 2019లో కార్ నికోబార్ దగ్గర వెయ్యి కిలోలకు పైగా కెటమైన్ దొరికింది. ఈ సముద్రం మత్తు రవాణాకు దారి అయ్యిందని ఇక సందేహం లేదు. పడవలను పట్టుకోవలసిందే. అయితే పట్టుబడని పొట్లం వాడిన యువకుడిని ఏం చేయాలన్నది వేరే ప్రశ్న. మణిపూర్ ఈ ప్రశ్నను ఆలస్యంగా అడిగింది. 1989–90 మధ్య కొద్ది నెలల్లోనే అక్కడ సూదులు పంచుకున్నవాళ్ళలో హెచ్‌ఐవీ దాదాపు శూన్యం నుంచి సగం మంది దాకా పాకింది. అప్పుడు అక్కడ జైలు ఉంది, సూది మార్చి ఇచ్చే చేయి లేదు. అండమాన్‌లో హెచ్‌ఐవీ ఇప్పటికి తక్కువే. తక్కువగా ఉన్నప్పుడే ఏర్పాటు చేసుకోవడం చవక.

చట్టం కూడా ‘మానేశాక రా’ అన్నవాళ్ళ పక్షాన లేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తు పదార్థాల దుర్వినియోగంతో ముడిపడిన మానసిక స్థితులను మానసిక అనారోగ్యం నిర్వచనంలోనే చేర్చింది. శారీరక రోగులతో సమానంగా వైద్యం పొందే హక్కు ఇచ్చింది. అదే ఏడాది వచ్చిన హెచ్‌ఐవీ చట్టం వైద్యంలో వివక్షను నిషేధించింది, సూదుల ద్వారా సోకే హాని తగ్గించే చర్యలకు రక్షణ కల్పించింది. ఎన్‌డీపీఎస్ చట్టంలోని 64ఎ సెక్షన్ తనంతట తాను వైద్యానికి వచ్చే వ్యసనపరుడికి కొన్ని నేరాల విషయంలో ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు ఇస్తుంది. ఆ వైద్యం ఎక్కడ దొరుకుతుందో తెలియకపోతే ఆ సెక్షన్ కాగితం మీదే మిగిలిపోతుంది.

మరి ఇన్నేళ్ళు ఈ రెండు వైద్యాలూ ఎందుకు కలవలేదు? ఢిల్లీలో విడిపోయి ఉన్నాయి కాబట్టి. క్షయ, హెచ్‌ఐవీ, హెపటైటిస్ ఆరోగ్య శాఖవి. వ్యసనపరుల పునరావాస కేంద్రాలు సామాజిక న్యాయ శాఖవి. 2020 ఆగస్టు 15న 272 జిల్లాల్లో మొదలైన నశా ముక్త్ భారత్ కార్యక్రమం కూడా ఆ శాఖదే. ఆ శాఖ కోసం ఎయిమ్స్ చేసి 2019లో విడుదల చేసిన సర్వేలోనే ఒక భయంకరమైన అంకె ఉంది: మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక వైద్యం అందింది. మిగతా 37 మందిలో ఎంతమంది అదే ఏడాది దగ్గు కోసమో, జ్వరం కోసమో, కామెర్ల కోసమో ఏదో ఒక ఆసుపత్రికి వచ్చి ఉంటారు? వాళ్ళను వ్యసన కేంద్రాలు వెతుక్కోనక్కర్లేదు, వాళ్ళు అప్పటికే ఆరోగ్య శాఖ బెంచీ మీద కూర్చుని ఉన్నారు.

క్షయ కార్యక్రమం ఇలాంటి కలయికలు ఇంతకు ముందు చేయలేదా? చేసింది. ప్రతి టీబీ రోగికీ హెచ్‌ఐవీ పరీక్ష, షుగర్ పరీక్ష ఇప్పుడు మామూలే. పొగాకు మాన్పించడానికి 2017లో ఉమ్మడి మార్గదర్శకాలు వచ్చాయి. తిండి తమ పని కాదనుకున్న రోజులు పోయాయి. నిక్షయ్ పోషణ్ యోజన కింద 2018 నుంచి టీబీ రోగికి తిండి కోసం నెలకు 500 రూపాయలు ఇచ్చారు, 2024 నవంబరు నుంచి 1000 చేశారు. ఆ వెయ్యీ సారా కొట్టుకు పోతుందని గొణిగేవాళ్ళు ఉన్నారు. కొందరి విషయంలో పోతుంది కూడా. ఆ డబ్బు బియ్యం, గుడ్లు కావాలంటే తాగుడుకు వైద్యం దానితో పాటే నడవాలి. ఇది కూడా కలపాలన్న వాదననే బలపరుస్తుంది.

పోర్ట్ బ్లెయిర్‌కు కావలసినవి ఆకాశం నుంచి దిగనక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన పది ప్రశ్నల ‘ఆడిట్’ పరీక్ష మూడు నాలుగు నిమిషాల పని. క్షయ అని తేలిన రోజే దాన్ని అడగాలి, తాగుడు ఎక్కువగా ఉన్నవాడికి ఆ రోజే లివర్ పరీక్ష, హెపటైటిస్ బి, సి పరీక్షలు చేయాలి. వార్డులో చేరినవాడికి మొదటి రాత్రి నుంచే వణుకు చూసి మందు ఇచ్చేలా నర్సులకు తర్ఫీదు ఉండాలి. మానసిక వైద్యుడు వారంలో కొన్ని పూటలు టీబీ గదిలోనే కూర్చోవాలి. డైసల్ఫిరాం, బ్యూప్రెనార్ఫిన్, టీబీ మందులు ఒకే కార్డు మీద రాయాలి. వేటకు వెళ్ళే మనిషికి పడవ ఎక్కేముందు సరిపడా మాత్రలివ్వాలి. విశాఖ ఓడ ఎక్కి ఊరికి పోయేవాడి టీబీ నమోదు (నిక్షయ్) నంబరు అక్కడి ఆసుపత్రికి ముందే చేరాలి. మాట్లాడించేవాళ్ళు తెలుగు, బెంగాలీ, తమిళం, నికోబారీ రానివాళ్ళైతే ఆ పని సగమే చేసినట్టు. తాగుడు గురించి మనిషి నిజం చెప్పేది తన భాషలోనే. ఉత్తరాంధ్ర యాసలో మాట్లాడే మత్స్యకారుడికి హిందీలో కౌన్సెలింగ్ చేస్తే అతను తల ఊపి వెళ్ళిపోతాడు, అంతే.

డబ్బు ఎక్కడిదనే ప్రశ్నకు జవాబు ఈ ద్వీపాల్లోనే ఉంది. ఇక్కడ మద్యం అమ్మే పెద్ద సంస్థ ప్రభుత్వానిదే, అండమాన్ నికోబార్ ద్వీపాల సమగ్రాభివృద్ధి సంస్థ. ఆ అమ్మకంపై వచ్చే ఆదాయంలో కొంత, అదే మద్యంతో దెబ్బతిన్న ఊపిరితిత్తులకు, లివర్లకు ఖర్చు చేయమని అడగడం దానం అడగడం కాదు.

ద్వీపాల ఆరోగ్య శాఖ, పోర్ట్ బ్లెయిర్‌లోని తెలుగు సంఘాలు, జంగ్లీఘాట్ మత్స్యకార పెద్దలు ఈ విషయం మీద ఈ ఏడాదే ఒక చోట కూర్చోవాలి. ఆలోగా తాగిన వాసనతో, దగ్గుతో ఎవరైనా ఆసుపత్రికి వస్తే ‘మానేసి రా’ అని పంపొద్దు. కళ్ళె పరీక్ష చేయండి, క్షయ అని తేలితే ఆ రోజే మాత్రలు మొదలుపెట్టండి, తాగుడుకు వైద్యం కూడా ఆ రోజే మొదలుపెట్టండి.